తీసేసిన మాట

"మీ ఆవిడకి టీ అక్కడ పెట్టానని చెప్పు."

అత్తగారు ఆ మాట కొడుకుతో అంది. టీ గ్లాసు కోడలి మోచేతికి జానెడు దూరంలో ఉంది.

ఆదివారం నాటి వరద రిహార్సల్ అయినప్పటి నుంచీ ఇదే వరస. ఇంట్లో మాటలన్నీ ఆ ఒక్క కొడుకు మీదుగానే రాకపోకలు సాగిస్తున్నాయి. ఐసు ఫ్యాక్టరీలో మెకానిక్కు అతను. అక్కడ గడ్డకట్టే నీళ్ళు చాలక ఇంట్లో కూడానా అని విసుక్కుంటున్నాడు.

"తనూ వింది కదమ్మా. మధ్యలో నేనెందుకు, కరెంటు తీగలాగా?"

"తీగకి నోరుండదు. నువ్వు కూడా మూసుకుని తాగు."

కోడలు గ్లాసు అందుకుంది. టీలో పంచదార సరిగ్గా తనకి కావలసినంతే ఉంది. కోపం మాటలో తప్ప చేతిలోకి దిగనివ్వని మనిషి అత్తగారు. అదే కోడలికి మరీ కష్టంగా ఉంది. చప్పటి టీ ఇచ్చి ఉంటే తనూ ఒక మాట అని తేలికపడేది.

"నిన్న కుళాయి దగ్గర ఏమన్నావమ్మా?" కొడుకు గొంతు తగ్గించి అడిగాడు. "ఫ్యాక్టరీ దాకా వచ్చింది."

"రాదూ మరి? పక్కనే రేడియో ఉందిగా."

రేడియో అంటే ఎదురింటి పిన్ని. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదని వీధివాళ్ళు పెట్టిన పేరు.

"ఏమన్నావు?"

"ఉన్నమాటే అన్నాను. నీళ్ళొచ్చినా సరే, నేను ఈ ఇంట్లోంచి కదలనన్నాను."

"వీధి వీధంతటినీ లేవమని అరిచింది నువ్వే కదా. నువ్వే కదలనంటే ఇంకెవరు కదులుతారు?"

"అరిచింది నేను కాదు. స్తంభం మీది మైకు పెట్టె." అత్తగారు అప్పటికే తోమేసిన గిన్నెని మళ్ళీ తోమడం మొదలుపెట్టింది. "నేను చెప్పిందంతా అందులో ఉంటే అది నా గొంతు. కావలసింది ఉంచుకుని అక్కర్లేనిది కత్తిరించేస్తే అది నాదెలా అవుతుంది? మీ నాన్ననడుగు, కుట్టుపని చేసిన మనిషేగా. ఒకళ్ళ కొలతలు తీసుకుని చేతుల్లేని చొక్కా కుట్టి, ఇది నీదే తొడుక్కో అంటే ఊరుకుంటారా?"

ముందు గదిలో కిటికీ పక్క మంచం మీద మామగారు దగ్గాడు. అది జవాబు కాదు. తను నిద్రపోవడం లేదని చెప్పడం, అంతే.

కోడలు గ్లాసు కడిగి బోర్లించి, బ్యాగు తగిలించుకుంది.

ఆమె ఉద్యోగం చెప్పడమే. సముద్రం ఏటికేడాది ఎంత లోపలికి వస్తోందో, ఏ గాలికి ఏ వీధిలోకి నీళ్ళొస్తాయో ముంపు హెచ్చరికల ఆఫీసులో లెక్కలు కట్టేవాళ్ళు వేరే ఉన్నారు. ఆ లెక్కని జనం భాషలోకి తెచ్చి, గుమ్మం గుమ్మానికీ తిరిగి, గోడల మీద బొమ్మలు వేయించి, వాళ్ళ చేత అవుననిపించడం ఈమె పని. మైకులో ఆఫీసు గొంతు వినిపిస్తే జనం దాన్ని ప్రకటన అనుకుంటారనీ, వీధిలో అందరూ భయపడే మనిషెవరో ఆ మనిషి చేతే చెప్పించాలనీ సలహా ఇచ్చింది కూడా ఈమే. ఆ వీధిలో అందరూ భయపడే మనిషి కోసం వెతుక్కోనక్కర్లేదు. వంటింట్లోనే ఉంది.

రికార్డు చేసిన రోజు అత్తగారు కాగితం చూసి చదవలేదు. "లేవండి. పొయ్యి కట్టేయండి. బీరువాలు తర్వాత సర్దుకుందురుగాని, ముందు పిల్లల్ని పట్టుకుని బడి మేడ మీదికి నడవండి. మళ్ళీ మళ్ళీ చెప్పను," అంది. ఆ "మళ్ళీ మళ్ళీ చెప్పను" అన్న ముక్క ఆదివారం పొద్దున ఆగకుండా తిరుగుతూనే ఉంటే వీధంతా నవ్వుకుంది. నవ్వుకుంటూనే నడిచింది. బడి మేడ నిండింది. ఆ రోజు నుంచీ అత్తగారి పేరు సైరనమ్మ.

అయితే ఆవిడ చెప్పిన మాట ఇంకొకటి ఉంది. "నడవలేని వాళ్ళుంటే గుమ్మం ముందు కుర్చీ వేసి కూర్చోబెట్టండి. మనుషులొచ్చి మోసుకెళ్తారు." అది ఉంటేనే మాట్లాడతానని మొదటే షరతు పెట్టింది. ఆదివారం పొద్దున గుమ్మంలో నిలబడి తన గొంతు తనే వింటూ ఆ మాట కోసం ఎదురుచూసింది. మొదటిసారి రాలేదు. రెండోసారీ రాలేదు. మూడోసారి కోడలి మొహంలోకి చూసి లోపలికి వెళ్ళిపోయింది.

* * *

సందు మలుపు దాకా భర్త వెంట వచ్చాడు.

"ఎందుకు తీశావో చెప్పేస్తే పోయేదానికి, ఎందుకిలా మొండికేస్తావు?"

"చెప్పాను కదా. ఆఫీసు రూలు. మన చేతిలో లేనిది మైకులో చెప్పకూడదు. మోయడానికి మనుషులు లేరు, స్ట్రెచర్లు లేవు. కుర్చీలో కూర్చోబెట్టమని చెప్పి ఎవరూ రాకపోతే?"

"అదే అమ్మకి చెప్పు."

"చెబితే, లేకపోతే తెచ్చుకోమనండి అంటారు."

"సరైన మాటేగా."

"సరైన మాటే," అంది.

అతను ఆమె మొహం చూశాడు. ఇంకేదో ఉందని అతనికి అర్థమైంది. ఉందని ఆమెకి తెలుసు. ఆ ఇంకేదో ఇతనికి చెబితే సాయంత్రానికి వాళ్ళమ్మకి చేరుతుంది. కొడుకు మంచి తీగే.

రికార్డింగు అయిన రోజు ఆమె దాన్ని మామగారికి వినిపించింది. పక్షవాతంతో ఎడమ పక్క పడిపోయాక ఆయన లోకమంతా మంచమూ, కిటికీ, భార్య భుజం పట్టుకుని స్నానాలగది దాకా నడకా. ఆయన అంతా విని, మధ్యలో నవ్వి, చివర నవ్వడం మానేశాడు.

"ఆ కుర్చీ మాట వద్దమ్మా."

"అది మీ కోసమే మామయ్యా."

"అందుకే వద్దంటున్నాను. ఈ వీధిలో సగం మంది పెళ్ళిబట్టలు నేను కుట్టాను. ఎవరికి పొట్ట వచ్చిందో, ఎవరి భుజం వంగిందో నాకే ముందు తెలిసేది. ఎవరితోనూ అనలేదు. ఇప్పుడు వాళ్ళు నన్ను కుర్చీలో పెట్టి మోసుకెళ్తూ ఎంత బరువున్నానో చూస్తారా?"

"మరి మీరెలా వస్తారు?"

"వస్తాలే. అప్పటి సంగతి అప్పుడు. మీ అత్తయ్యకి మాత్రం ఇది చెప్పకు."

ఆమె సరేనంది. ఆఫీసులోనూ వద్దన్నారు, ఇంట్లోనూ వద్దన్నారు. రెండు వద్దులూ ఒకేవైపు తోస్తుంటే కత్తిరించడం సులువైపోయింది. ఇప్పుడు ఒక వద్దు బయటికి చెప్పగలదు, రెండోది చెప్పలేదు.

* * *

ఆఫీసు మెట్లెక్కేసరికే పెద్ద మేడమ్ ఎదురొచ్చింది. ఆఫీసుకి అధికారి ఆవిడే. ఎప్పుడూ నెమ్మదిగా నడిచే మనిషి ఇవాళ నెమ్మదిగా నడవడం లేదు.

"కబురొచ్చింది. రేపు పొద్దున పోటుకి గాలి కూడా తోడవుతుందట. కింది వీధులు ఇవాళ చీకటి పడేలోపు ఖాళీ కావాలి."

"రికార్డింగు పెట్టేద్దామా?"

"ఎవరిది? మీ అత్తగారు ఇందాకే ఫోన్ చేశారు. ఆవిడ గొంతు వాడొద్దన్నారు. వద్దన్నాక వాడలేం కదా."

పొద్దున గిన్నె తోముతున్నప్పుడే ఆవిడ మనసులో ఈ ఫోను ఉందన్నమాట.

"మరి?"

"మరేముంది. హెడ్డాఫీసు వాళ్ళు పంపినది ఒకటుంది. అదే పెట్టాను. వినబడలేదా?"

వినబడింది. దారి పొడవునా స్తంభాల మీంచి ఎవరో మగమనిషి, "ప్రజలందరికీ విజ్ఞప్తి. సముద్రమట్టంలో తాత్కాలిక పెరుగుదల సంభవించే అవకాశమున్నందున," అంటూ నిదానంగా చెబుతూనే ఉన్నాడు. తను కూడా ఆగి వినలేదు. ఆ సంగతి ఇప్పుడు తట్టింది.

"ఎవరైనా కదిలారా మేడమ్?"

"అది చూసి రావడానికే నిన్ను పిలుద్దామనుకుంటున్నాను."

ఆమె వచ్చిన దారినే వెనక్కి తిరిగింది. వీధి వీధిలాగే ఉంది. సైకిలు బాగుచేసేవాడు చక్రం తిప్పుతున్నాడు. ఇద్దరు మగవాళ్ళు అరుగు మీద పేపరు పంచుకుని చదువుతున్నారు. ఎదురింటి పిన్ని తీగ మీద దుప్పట్లు ఆరేస్తోంది. గాలికి అవి ఆవిడ మొహానికే చుట్టుకుంటున్నాయి.

"పిన్నీ, మైకు వినలేదా?"

"ఆ మగాయన ఎవరే? ఎరువుల ప్రకటనేమో అనుకున్నాను."

"ఎరువులు కాదు పిన్నీ. నీళ్ళొస్తున్నాయి. సాయంత్రంలోపు వెళ్ళాలి."

"వస్తే మీ అత్త అరిచేదిగా." పిన్ని దుప్పటి దులిపింది. "అయినా అరిచినా ఇప్పుడెవరు కదులుతారు? నిన్న అందరి ముందూ చెప్పింది, నేను కదలనని. సైరనమ్మకి లేని భయం మాకెందుకు?"

పేపరు చదివేవాళ్ళలో ఒకడు నవ్వాడు. "మీ ఇంట్లో ముందు తేల్చుకుని రామ్మా. అత్తా కోడలూ కలిసి వస్తే మేమూ వెనకే వస్తాం."

హేళనగానే అన్నాడు. కానీ అందులో అబద్ధం లేదు. ఇన్నాళ్ళూ తను గోడల మీద వేయించిన బొమ్మలూ, తిరిగిన గుమ్మాలూ, పెట్టిన మీటింగులూ అన్నీ కలిసి చివరికి తమ వంటింటి గుమ్మం దగ్గర వచ్చి ఆగాయి.

* * *

"అత్తయ్యా, మీరు మాట్లాడాలి."

అత్తగారు మామగారి దుప్పటి మడతపెడుతోంది. కొడుకు ఇంట్లో లేడు, తీగ లేదు. తప్పనిసరై సూటిగా మాట్లాడింది.

"ఎవరితో?"

"వీధితో. మళ్ళీ చెప్పండి. లేకపోతే ఒక్కరూ కదలరు. చూసే వస్తున్నాను."

"నీ కత్తెర పదునుగానే ఉందిగా. ఎవరి గొంతో తెచ్చుకుని కత్తిరించుకో."

"అత్తయ్యా, పిల్లలున్న ఇళ్ళు."

"నాకు తెలియదా? ఆ పిల్లల్లో సగం మందికి జ్వరమొస్తే రాత్రంతా కూర్చున్నదాన్ని." ఆవిడ దుప్పటి మంచం మీద పెట్టింది. "పిల్లల పేరు చెప్పి నన్ను కదిలిద్దామనుకోకు. నేనడిగింది ఒక్క మాట. అదీ నా మొగుడు ఒక్కడి కోసమే కాదు. తలుపులేసుకుని ఎన్నిళ్ళల్లో ఇలా పడుకుని ఉన్నారో ఎవరికి తెలుసు? అది నీకు బరువైంది. ఎవరు తీయమన్నారు?"

కోడలు భుజం మీది బ్యాగు దించింది.

"మీ మేడమా?"

"మేడమ్ కూడా వద్దన్నారు."

"కూడానా?"

ఆ ఒక్క మాట ఎలా జారిందో కోడలికే తెలియదు. అత్తగారు దాన్ని కింద పడనివ్వలేదు.

"కూడా అంటే ఇంకెవరు?"

కోడలు నేల చూసింది. గోడ చూసింది. ఎటు చూసినా చూడకూడని వైపే కళ్ళు పోతున్నాయి.

"నేనే," అన్నాడు మామగారు.

బయట స్తంభం మీది మగమనిషి తాత్కాలిక పెరుగుదల గురించి మళ్ళీ మొదలుపెట్టాడు.

"ఆ పిల్లనేమీ అనకు. చెప్పొద్దని నేనే మాట తీసుకున్నాను."

"అయితే మీరు ఎలా వద్దామనుకున్నారు?" అత్తగారి గొంతు మెత్తగా ఉంది. ఆ మెత్తదనం ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు.

"మీరు వెళ్ళండి. ఇంటికి ఒకళ్ళు కాపలా ఉండాలి కదా."

"దేనికి కాపలా? సముద్రానికా?"

ఆయన కిటికీ వైపు తిరిగాడు.

"నాకు తెలుసు, మీరు రారని," అందావిడ. "తెలిసే కదలనన్నాను. ఆ సంగతి మీకూ తెలుసు. తెలిసీ ఆ ఒక్క మాటా తీయించారు. మీ సిగ్గుకి నన్ను కూడా కట్టేసుకుని మునుగుదామనుకున్నారు."

"నిన్ను ఉండమని నేననలేదే."

"అనక్కర్లేదు. మనది నిన్నా మొన్నటి కాపురమా?"

ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుంది. తడి లేదు, అయినా తుడుచుకుంది. చెప్పులు వేసుకుని కోడలి వైపు చూసింది.

"మీ ఆఫీసు ఎటు? పద."

"ఎక్కడికి?" మామగారు తల తిప్పాడు. "ఏం చెప్పబోతున్నావు?"

ఆవిడ అప్పటికే గుమ్మం దాటింది. ఆయన మళ్ళీ అడిగాడు, ఈసారి కోడలిని. కోడలు తలుపు దగ్గరగా వేసి అత్తగారి వెనకే నడిచింది.

* * *

"నేరుగా మైకులో నేను తప్ప ఎవరూ మాట్లాడకూడదమ్మా," అంది పెద్ద మేడమ్.

"మంచిది. మీరే మాట్లాడండి. కదులుతారేమో చూద్దాం."

మేడమ్ కోడలిని చూసింది. కోడలు అడ్డంగా తలూపింది, లాభం లేదన్నట్టు.

"ఏం చెబుతారో ముందు నాకు చెప్పండి. మోసుకెళ్ళడానికి మా దగ్గర మనుషుల్లేరు. వస్తారని చెప్పి రాకపోతే, ఆ కుర్చీలో కూర్చున్న మనిషి పాపం ఎవరిది?"

"వస్తారని చెప్పను. రమ్మని చెబుతాను. మీ చేతిలో లేకపోతే లేకపోయింది, వీధిలో చేతులున్నాయిగా." ఆవిడ మైకుని ఒకసారి ఎగాదిగా చూసింది. "అయితే ఒకటి. నేనన్నది అన్నట్టే పోవాలి. తర్వాత కత్తెర పట్టుకోవడానికి వీల్లేదు."

మేడమ్ కుర్చీ వదిలి పక్కకి జరిగింది. కోడలు మీట నొక్కింది. ఎరువుల మగమనిషి మాట మధ్యలో ఆగిపోయాడు.

"నేను, సైరనమ్మని," అంది అత్తగారు.

వీధిలో ఎక్కడో ఒకరు నవ్వడం ఆఫీసు మేడ మీదికి వినిపించింది.

"నిన్న కుళాయి దగ్గర కదలనన్నాను. ఎందుకన్నానో ఇప్పుడు చెబుతున్నాను. మా ఆయనకి నడక లేదు. మీ అందరికీ బట్టలు కుట్టిన మనిషి. ఆయన్ని కుర్చీలో మోస్తుంటే మీరు చూస్తారని సిగ్గుపడుతున్నాడు. సిగ్గుకోసం ప్రాణం ఇచ్చేసేలా ఉన్నాడు. ఇలాంటి వాళ్ళు ఇంకా ఎవరిళ్ళల్లో ఉన్నారో నాకు తెలియదు. ఉంటే గుమ్మం ముందు కుర్చీ వేయండి. కాళ్ళున్న వాళ్ళు ఆ కుర్చీ ఎక్కడ కనబడితే అక్కడికి వెళ్ళండి. ఈ ఒక్క పూట ఎవరూ ఎవరినీ చూడొద్దు. ఎత్తండి, అంతే. పొయ్యిలు కట్టేయండి. నడవండి."

ఈసారి "మళ్ళీ మళ్ళీ చెప్పను" అనలేదు.

కోడలు కిటికీ దగ్గరికి పరుగెత్తింది. వీధి ఊపిరి బిగబట్టినట్టుంది. అరుగు మీద పేపరు ఒక్కటే ఉంది, చదివేవాళ్ళు లేచి నిలబడ్డారు. సైకిలువాడు చక్రం ఆపాడు. ఎవరూ ఎటూ వెళ్ళడం లేదు.

అప్పుడు ఎదురింటి తలుపు తెరుచుకుంది. రేడియో పిన్ని ఒక కుర్చీ తెచ్చి గుమ్మం ముందు వేసింది. లోపలికి వెళ్ళి, ఒక ముసలావిడని చంకల కింద చేతులు వేసి పట్టుకుని, వెనక్కి వెనక్కి నడుస్తూ బయటికి తెచ్చింది. పిన్ని వాళ్ళక్క. ఎప్పుడో పోయిందని అందరూ అనుకుంటున్న మనిషి. వీధిలో అందరి గుట్టూ విప్పే పిన్ని ఒక్క తన ఇంటి గుట్టు ఇన్నేళ్ళు దాచిపెట్టింది.

ఎవరూ చూడలేదు. చూసీ చూడనట్టు పేపరువాళ్ళిద్దరూ వెళ్ళి ఆ కుర్చీకి చెరోవైపు చేయి వేశారు. పైసందులో ఇంకో కుర్చీ కనబడింది. ఆ పైన ఇంకొకటి.

"నువ్వు తీసేసిన మాట ఎంతుందో చూశావా?" అంది అత్తగారు వెనక నుంచి. ఆ గొంతులో కోపం లేదు. అలసట ఉంది. ఆదివారం తర్వాత అవసరం లేకుండా, తనంతట తాను ఆవిడ కోడలితో అన్న మొదటి మాట అది.

* * *

వాళ్ళు ఇంటికి చేరేసరికి కొడుకు ముందే వచ్చి ఉన్నాడు. వెంట ఫ్యాక్టరీ నుంచి నలుగురు. రోజంతా ఐసు దిమ్మలు భుజాన వేసుకుని పరుగెత్తే వాళ్ళు. ఒకతని చేతిలో చేతుల కుర్చీ ఉంది. కానీ అందరూ గుమ్మం బయటే నిలబడి ఉన్నారు.

"లోపలికి వెళ్ళరేం?" అంది అత్తగారు.

"తలుపు రావడం లేదమ్మా."

"దగ్గరగా వేసే వెళ్ళాం. తోయండి."

"తోశాను. లోపల గడియ పడి ఉంది."

కోడలు తలుపు మీద చేయి వేసి చూసింది. నిజమే. కదలడం లేదు. మంచం నుంచి ఆ గడియ దాకా గది పొడవంతా ఉంది, మధ్యలో పట్టుకోవడానికి గోడ కూడా లేదు. స్నానాలగది దాకా వెళ్ళడానికి భార్య భుజం కావలసిన మనిషి.

కొడుకు కిటికీ చువ్వల్లోంచి లోపలికి చూసి వచ్చాడు. "మంచం మీద లేడు."

ఫ్యాక్టరీవాళ్ళలో పెద్దవాడు గొంతు సవరించుకున్నాడు. "ఒక్క తాపు తంతే ఊడి వస్తుందమ్మా. తన్నమంటారా?"

"ఆగు." అత్తగారు చెయ్యి అడ్డం పెట్టింది. "ఆయన దాని వెనకే ఉంటే?"

అతను కాలు వెనక్కి తీసుకున్నాడు. సందులోంచి కుర్చీలు ఒకదాని వెనక ఒకటి బడి వైపు వెళుతున్నాయి. మోసేవాళ్ళు తలలు వంచుకుని పోతున్నారు. కింద వీధి మొదట్లో ఇంకా రెండు కుర్చీలు ఎదురుచూస్తున్నాయి. గాలి ఎక్కువైంది. సముద్రం వైపు ఆకాశం కడిగిన పలకలా ఉంది.

"మీరు ఆ రెండిళ్ళకీ వెళ్ళండి," అందావిడ ఆ నలుగురితో. "ఆలస్యం చేయకండి. నువ్వూ వెళ్ళరా."

"నాన్నో?"

"నేనున్నాగా."

వాళ్ళు వెనక్కి చూసుకుంటూ వెళ్ళారు. చేతుల కుర్చీ గుమ్మం ముందు మిగిలింది. కోడలు కదల్లేదు. ఆమెని కూడా వెళ్ళమనబోయి అత్తగారు మానేసింది.

ఆవిడ తలుపుకి చెవి ఆనించింది. లోపల నుంచి ఊపిరి వినిపిస్తోంది, బాగా దగ్గరగా, పలకకి అటువైపే. పెద్ద పరుగు పరుగెత్తి వచ్చిన మనిషి ఊపిరి.

పావుగంట క్రితం స్తంభాలన్నీ మోగించిన గొంతు, ఇప్పుడు ఒక్క చెక్క దాటేంతగా మాత్రమే పలికింది.

"నిలబడే ఉన్నారా?"

"ఉన్నాను."

"దేన్ని పట్టుకుని?"

లోపల గడియ కిర్రుమంది, ఆయన బరువంతా దాని మీదే ఉన్నట్టు.